పైకి బాగానే ఉన్న బూట్లు

మా ఉద్దానంలో చెప్పుల జత అంత తేలిగ్గా చావదు. కొన్న కొత్తలో పెళ్ళిళ్ళకు తిరుగుతుంది. కొన్నాళ్ళకు పలాస బజారుకు దిగుతుంది. ఆ తర్వాత జీడితోటలోకి, అక్కణ్ణుంచి దొడ్లోకి. పట్టీ తెగితే దారం, అడుగు ఊడితే జిగురు, జిగురూ ఆగకపోతే మేకు. ఇక మేకు దిగే చోటు కూడా మిగల్లేదంటే, దిష్టి తగలకుండా ఏ లారీ వెనకో, కడుతున్న ఇంటి స్తంభానికో వేలాడదీస్తారు. అంటే మావైపు జోడు చచ్చాక కూడా డ్యూటీ దిగదు. అంత ఆయుష్షు మా మనుషులకు లేదు.

ఇలాంటి చోట పుట్టి, పరుగుకు వాడే మెత్తటి బూట్లు పైకి బాగున్నా సరే కొన్ని నెలలకే మార్చేయాలని నేను చెబితే ఎవరు వింటారు? ఇప్పుడు నేను పోలీసు ఉద్యోగంలో ఉన్నాను. డ్యూటీకి డిపార్టుమెంటు ఇచ్చిన తోలు బూట్లు, పొద్దుటి పరుగుకు నేను కొనుక్కున్న మెత్త బూట్లు. అవి మార్చినప్పుడల్లా మా ఇంట్లో ఎవరో ఒకరు బుగ్గలు నొక్కుకుంటారు. "ఇంకా మెరుపు తగ్గనేదు, అప్పుడే ఇసిరేత్తావేటే?" అంటారు. ఆ మెరుపు వల్ల నేను పడ్డ పాట్లు చెబుతాను. మా పెదనాన్న ఇది చదివితే నన్ను దుమ్మెత్తి పోస్తాడు. పోయాలి. ఆ ఓపిక ఆయనకు ఉండాలి.

టెక్కలిలో డిగ్రీ అయ్యాక కానిస్టేబుల్ రాతపరీక్ష గట్టెక్కి, పరుగు పరీక్షకు సిద్ధమవుతున్న రోజులవి. పదహారు వందల మీటర్లు గడువులోపు పరిగెత్తాలి. పరిగెత్తితే ఉద్యోగం, లేకపోతే అమ్మ పక్కన కూచుని జీడిపప్పు పొట్టు తీయడం. అమ్మ పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేసేది. పిక్కల జిడ్డుకు నల్లబడి చర్మం ఊడిన ఆమె వేళ్ళు చూస్తూ పెరిగాను. ఆ పరుగు నాకెంత అవసరమో ఎవరూ చెప్పనక్కర్లేదు.

నాన్న నా చిన్నప్పుడే కిడ్నీ జబ్బుతో పోయాడు. మావైపు ఈ మాట చెబితే "అయ్యో, ఎలా?" అని ఎవరూ అడగరు, "ఎప్పుడు?" అని అడుగుతారు. అప్పటినుంచి మాకు పెద్దదిక్కు నాన్నకు అన్న, మా పెదనాన్న. టెక్కలిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో చేసి రిటైరై, మా పక్కింట్లోనే ఉంటాడు. ఆడపిల్ల పొద్దున్నే రోడ్డు మీద పరిగెత్తడమేమిటని ఊరు ముక్కున వేలేసుకున్నప్పుడు, "నా తమ్ముడి కూతురు, నేను పరిగెత్తమన్నాను" అని ఆయన అన్న ఒక్క మాటతో ఊరి నోరు మూతపడింది. కాబట్టి నా పరుగు తాళం ఆయన జేబులో ఉండేది. ఆయన వద్దంటే ఆ రోజుతో సరి.

పెదనాన్నకు ఊళ్ళో ఇంకో పేరుంది. ఎవరికి కాలు లాగినా, నడుం పట్టినా, అన్నం సయించకపోయినా వాళ్ళను బండెక్కించుకుని పలాస ల్యాబుకు తీసుకెళ్ళి రక్తం తీయించేది ఆయనే. కిడ్నీ చెడితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఎంతుందో చూసి ఇంటిల్లిపాదికీ వివరించేదీ ఆయనే. క్రియాటినిన్ అన్నది మావైపు పలక పట్టని పిల్లలకు కూడా తెలిసిన మాట. ఇంతమంది రక్తం తీయించిన మనిషి తన రక్తం మాత్రం ఎన్నడూ ఇవ్వలేదు. అడిగితే, "నాకేటి? నాను సర్వీసంతా టెక్కలి నీళ్ళు తాగినోన్ని" అనేవాడు. ఆయన లెక్కలో జబ్బు మా ఊరి బావుల్లో ఉంది, ఆయనేమో టెక్కలి కుళాయి మనిషి. పొద్దుటి బస్సుకు వెళ్ళి సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేవాడని, ఇంట్లో తాగినవి మాతోపాటు ఆ బావి నీళ్ళేనని గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేదు.

ఆయనకు విశాఖపట్నం నుంచి తెప్పించుకున్న పరుగు బూట్లు ఒక జత ఉండేవి. చిలకపచ్చ రంగు, పక్కన నారింజ గీతలు, అడుగున మందపాటి మెత్త. పరుగు బూట్లన్న మాటే గానీ పెదనాన్న జన్మలో పరిగెత్తి ఎరగడు. తెల్ల పంచె కింద ఆ చిలకపచ్చ బూట్లు తొడుక్కుని పెళ్ళికెళ్ళాడు, చావుకెళ్ళాడు, గట్టు తగాదాల పంచాయితీలకెళ్ళాడు, టీ కొట్టు దగ్గర గంటలకొద్దీ నిలబడ్డాడు. మనిషి మంచి బరువు. ఆ బరువంతా ఏళ్ళ తరబడి ఆ మెత్త మీదే. ఆదివారం వస్తే వాటిని సబ్బుపొడి నీళ్ళలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, డాబా మీద మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరబెట్టేవాడు. అందుకే పైన ఒక్క మచ్చ లేదు. వజ్రపుకొత్తూరు నుంచి మందస దాకా మా పెదనాన్నను ఎరగనివాళ్ళు ఉండొచ్చు గానీ ఆ బూట్లను ఎరగనివాళ్ళు లేరు.

నేను పరుగు మొదలుపెట్టానని తెలిసి పెదనాన్న ఎంతో సంతోషించి కొత్త బూట్లు కొన్నాడు. తనకు. పరిగెత్తేది నేను, కొత్తవి ఆయనకు. పాతవి నాకు. ఇందులో తప్పేముందో ఆ రోజు అరుగు మీద చేరిన పదిమందిలో ఒక్కరికీ తోచలేదు. మావైపు పద్ధతే అంత. పెద్దవాళ్ళు కట్టి విడిచిన బట్ట, వాడి విడిచిన గడియారం చిన్నవాళ్ళకు ప్రసాదం.

"ఇయి మామూలు బూట్లు కావే. ఇందులో నా ఆశీర్వాదముంది. సూడు, కొత్తయి కావని ఎవుడైనా అనగలడా? నీకు ఉద్యోగమొచ్చి రిటైరయ్యేదాకా వత్తాయి" అన్నాడు.

ఆయనవి మగవాళ్ళలో చిన్న పాదాలు, నావి ఆడవాళ్ళలో పెద్ద పాదాలు. ఆడగుంటకు అంత పాదాలేటని చిన్నప్పటినుంచీ నన్ను ఏడిపించిన పెద్దమ్మ, బూట్లు అతికినట్టు సరిపోయేసరికి "దేవుడు ముందే సూసి పెట్టాడు" అంది. నేను కూడా మురిసిపోయాను. అప్పటిదాకా కాలేజీకి తొడిగిన గుడ్డ బూట్లతో పరిగెత్తినదాన్ని. చిలకపచ్చ బూట్లతో తారు రోడ్డెక్కితే సగం ఉద్యోగం వచ్చినట్టే అనిపించింది.

నెల తిరక్కముందే మోకాళ్ళ కింద ముందువైపు ఎముక వెంబడి నొప్పి మొదలైంది. మొదట పరుగయ్యాక నొచ్చేది. తర్వాత పరిగెడుతుంటే నొచ్చేది. ఆ తర్వాత మెట్టు దిగినా నొచ్చేది. అమ్మ ఆముదం కాచి రాసింది. పెద్దమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. టీ కొట్టు దగ్గర వైద్యులకు కొదవా? ఒకాయన గుడ్లు తినమన్నాడు. ఇంకొకాయన ఆడవాళ్ళ ఎముక పరుగుకు పనికిరాదని శాస్త్రం చెప్పాడు. ఇంకొకాయన మా ఊరి రోడ్డు కాంట్రాక్టర్ని తిట్టాడు. అందరూ నా కాళ్ళు చూశారు, నా తిండి చూశారు, నా జాతకం కూడా చూశారు. కాళ్ళకున్న వాటి మీద ఒక్కడి కన్నూ పడలేదు. పడినా మెచ్చుకున్నారు, "బూట్లు మాత్రం దివ్యంగున్నాయి" అని.

ఆ నొప్పి మాట పెదనాన్న చెవిన పడింది. అప్పటికప్పుడు మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"కాళ్ళు లాగుతన్నాయా? ఎప్పట్నుంచే? మీ నాన్నకీ ముందు అలాగే అయింది. బయిల్దేరు, బండెక్కు."

ఆ మాట వినగానే అమ్మ చేతిలో చెంబు కింద పెట్టేసింది. ఆ రోజంతా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ల్యాబు బెంచీ మీద మేం ముగ్గురం వరసగా కూచున్నాం. వచ్చేపోయే ప్రతివాడూ పెదనాన్నకు నమస్కారం పెట్టి, నా వంక జాలిగా చూసి పోతున్నాడు. బూట్లు అరిగితే రక్తపరీక్ష చేయించే ఊరు ప్రపంచంలో మాదొక్కటే అయి ఉంటుంది. కానీ ఆ బెంచీ మీద కూచున్నప్పుడు నాకు నవ్వు రాలేదు. నాకూ నాన్న గుర్తొచ్చాడు. చాలా భయపడ్డాను.

కాగితం వచ్చింది. నార్మల్. అమ్మ భోరున ఏడ్చింది. పెదనాన్న మిఠాయి కొట్టుకు వెళ్ళి లడ్డూలు కొని, దారి పొడుగునా పంచుతూ వచ్చాడు. ఇక నొప్పి సంగతి? దాని ఊసే లేదు. మావైపు కిడ్నీ కానిది జబ్బే కాదు. కాలు విరిగినా "కిడ్నీ బాగుంది కదా" అని తలమీద నిమిరి పంపేస్తారు. "ఇంకేటి భయం, దూసుకుపో" అన్నాడు పెదనాన్న. మర్నాడు పొద్దున్నే అవే బూట్లతో కుంటుకుంటూ రోడ్డెక్కాను.

నాతోపాటు పరిగెత్తే స్నేహితురాలు ఒకతి ఉండేది. పక్క ఊరి పిల్ల, పాదాలు నావంతే, వాళ్ళది బాప్టిస్టు కుటుంబం. పొద్దున్నే ప్రార్థన చేసుకుని, ఆ వెంటనే నోటికొచ్చిన జోకులు వేస్తూ వచ్చేది. ఆమె కాశీబుగ్గలో కొనుక్కున్న పేరూ ఊరూ లేని బూట్లతో పరిగెత్తేది. ఒకరోజు నేను కల్వర్టు మీద కూచుండిపోతే, "మీ పెదనాన్న ఆశీర్వాదం నాక్కూడా ఓ పాలి తగలనీ. మార్చుకుందాం" అంది.

మార్చుకున్నాం. ఆమె తాటిచెట్ల మలుపు దాకా వెళ్ళి, పరుగు ఆపి నడుచుకుంటూ వెనక్కొచ్చింది.

"ఓలమ్మో, ఇయి బూట్లేటే? పలకరాళ్ళు కట్టుకున్నట్టుంది. అడుగులో మెత్తేదీ? మీ పెదనాన్న తినేశాడా?"

నేను ఈలోపల చాలా దూరం వెళ్ళి వచ్చేశాను. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, నేల నా ఎముకల్ని కొట్టడం మానేసింది. ఒక్కసారిగా అర్థమై ఒళ్ళు మండిపోయింది. ఇద్దరం ఆ కల్వర్టు మీదే ఫోన్లో వెతికాం. తెలిసిన సంగతులు మా ఊరి శాస్త్రానికి పూర్తి వ్యతిరేకం. మెత్త బూట్లలో ముందు చచ్చేది పైగుడ్డ కాదు, అడుగు రబ్బరూ కాదు, ఆ రెంటికీ మధ్యలో ఉన్న మెత్త. పరిగెత్తేవాళ్ళ కింద అది ఐదారు వందల కిలోమీటర్లు, మహా అయితే ఎనిమిది వందలు ఆగుతుంది. మనిషి బరువైతే ఇంకా ముందే పోతుంది. నీళ్ళలో నానబెట్టి ఎండలో మాడ్చితే పరిగెత్తకపోయినా పోతుంది. బల్ల మీద పెట్టి వెనకనుంచి చూస్తే మడమ ఒకవైపు ఒరుగుతుంది. పక్కన మెత్త మీద ముసలివాళ్ళ మొహంలా అడ్డ ముడతలు పడతాయి. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగదు, దిగినా తిరిగి లేవదు. వీటన్నిటికంటే ముందు మన కాళ్ళే చెబుతాయి, అంతకుముందు లేని నొప్పి కొత్తగా మొదలైతే బూట్లను అనుమానించమని.

పెదనాన్న బూట్లు తిప్పి చూశాం. వాళ్ళు చెప్పిన లక్షణాల్లో లేనిది లేదు. పైన పటారం, లోన లొటారం.

ఇక్కడ మీరు అడగొచ్చు, మరి ఆ పూటే ఇంటికెళ్ళి చెప్పొచ్చుగా అని. అలా అడిగారంటే మీరు మావైపు వాళ్ళు కారు. పెద్దాయన పదిమందిలో ఆశీర్వదించి ఇచ్చినవి పాడైపోయాయని చెప్పడమంటే ఆయన ఆశీర్వాదమే పాడైందని చెప్పడం. ఆయనకు కోపమొస్తే పరుగే బంద్. అలాగని పారేయడానికీ లేదు. అయితే మావైపు జోడు వదిలించుకోవడానికి ఎవరూ నొచ్చుకోని దారి ఒకటుంది, పోగొట్టుకోవడం. శనివారం గుడి దగ్గర చెప్పులు పోతే శని వదిలిందని కాళ్ళు కడుక్కుని సంతోషంగా ఇంటికెళ్తారు. దొంగ కూడా పుణ్యాత్ముడే.

ఆ శనివారమే కాశీబుగ్గలో ఆంజనేయస్వామి గుడి ముందు, అందరి కళ్ళూ పడే చోట బూట్లు విడిచాను. చాలాసేపు ప్రదక్షిణలు చేశాను. ఎప్పుడూ అడగని కోరిక దేవుణ్ణి అడిగాను, స్వామీ, ఒక దొంగను పంపు అని. బయటికొచ్చి చూస్తే బూట్లు లేవు. శని వదిలిందని వట్టి కాళ్ళతో ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. చూద్దును కదా, అరుగు మీద బూట్లు నాకంటే ముందే వచ్చి కూచున్నాయి. మా ఊరాయన ఒకడు గుడి ముందు వాటిని గుర్తుపట్టి, ఎవరో కొట్టేసి అక్కడ విడిచారనుకుని బండి మీద తెచ్చి అప్పగించాడట. పెదనాన్న ఆయనకు టీ ఇప్పిస్తున్నాడు.

"మా చర్చికి రా, మా దగ్గర దొంగలు మంచోళ్ళు" అని స్నేహితురాలు ఆదివారం వాళ్ళ ఊరు తీసుకెళ్ళింది. అక్కడా చెప్పులు బయటే విడుస్తారు. బూట్లను గేటు అవతలికి, రోడ్డు మీదికి దాదాపు నెట్టేసి లోపల కూచున్నాం. ప్రార్థన ముగిశాక పాస్టరుగారు మైకులో ప్రకటనలు చదువుతూ, "చిలకపచ్చ బూట్లు ఎవరో రోడ్డు మీద మరిచారు. ఫలానా వారివని పెద్దలు గుర్తించారు. కబురు పంపాం" అన్నారు. నా స్నేహితురాలు ముందు బెంచీకి తల ఆనించి నవ్వు ఆపుకోలేక చచ్చింది. పక్కనున్న పెద్దావిడ ఆ పిల్ల భక్తికి కళ్ళు తుడుచుకుంది. టెక్కలి బస్సులో సీటు కింద వదిలేసినా అంతే అయింది, కండక్టరే దింపి పంపాడు. మావైపు బంగారం పోతే దొరకదు గానీ మా పెదనాన్న బూట్లు పోనే పోవు.

పరుగు పరీక్ష దగ్గరపడుతోంది. నొప్పి ఎముకలోకి దిగింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే పరిగెత్తితే ఎముక చిట్లుతుందని, చిట్లితే ఉద్యోగం సంగతి దేవుడెరుగు, నెలల తరబడి మంచమే అని నాకు తెలుసు. ఒకరోజు సాయంత్రం తెగించి బూట్లు విప్పి, అరుగు మీద పెదనాన్న ముందు పెట్టాను. ఆయన చుట్టూ ఎప్పటిలాగే నలుగురున్నారు.

"పెదనాన్నా, ఇయి సచ్చిపోయినాయి" అన్నాను.

"బూట్లు సావడమేటే?" అని ఆయన నవ్వాడు. ఆయన నవ్వాడని అందరూ నవ్వారు. "పరిగెత్తలేక బూట్ల మీద పెడతన్నావు. ఆడలేనమ్మ మద్దెలోడు అందంట."

నాకు తిక్క రేగింది. "అయితే నువ్వే తొడుక్కుని ఆ కల్వర్టు దాకా పరిగెత్తి రా. నొప్పెట్టనేదంటే రేపట్నుంచి నోరెత్తను."

నలుగురి ముందు మాట. వెనక్కి తగ్గితే మర్యాద ఎక్కడుంటుంది? పంచె ఎగ్గట్టి, చిలకపచ్చ బూట్లు తొడుక్కుని మా పెదనాన్న పరుగందుకున్నాడు. కుక్కలు లేచి వెంటపడ్డాయి. పెద్దమ్మ గుమ్మంలోకొచ్చి నోరు నొక్కుకుంది. వెళ్ళేటప్పుడు పరుగే. వచ్చేటప్పుడు నడక, ఆ తర్వాత ఎవరిదో సైకిల్ వెనక. అరుగు మీద కూలబడి, ఆయాసం తీర్చుకుని, బూట్లు విప్పేసి లోపలికెళ్ళాడు. నేను లోలోపల గంతులేశాను.

మర్నాడు ఆయన పాదాలు వాచి ఉన్నాయి. ఆ వాపు చూడగానే పెద్దమ్మ గొల్లుమంది. ఆమె నోట ల్యాబు మాట రాబోయేలోపే పెదనాన్న మంచం మీదనుంచి ప్రకటించాడు, "ఆ దరిద్రపు బూట్ల వల్లేనే! గుంట నిన్ననే సెప్పింది. అయి సచ్చిపోయినాయి."

ఆ రోజునుంచి ఆయన మారిపోయాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళకల్లా బూటు ఆయుష్షు మీద ఉపన్యాసం. మధ్యలో మెత్త ఎలా చస్తుందో, ఎండలో ఎందుకు ఆరబెట్టకూడదో, బల్ల మీద పెట్టి వెనకనుంచి ఎలా చూడాలో, నేను చెప్పినవన్నీ తన సొంత పరిశోధనలా చెప్పేవాడు. చిలకపచ్చ బూట్లు రుజువుగా మంచం కిందే ఉండేవి. వాటి వల్లే కాళ్ళు వాచాయని వారమంతా చెప్పాడు. అంతటితో ఆగక, మనిషిని టెక్కలి పంపించి నాకు కొత్త బూట్లు తెప్పించాడు. బూడిదరంగువి, తేలికవి, నా కొలతవి. అవి తొడుక్కుని మొదటిసారి పరిగెత్తిన పొద్దున నేను రోడ్డు మీద గట్టిగా కేక వేశాను. అంత సంతోషం నాకు రాతపరీక్ష గట్టెక్కినప్పుడు కూడా కలగలేదు. నొప్పి రోజురోజుకూ తగ్గింది. గెలిచాను అనుకున్నాను.

నా కాళ్ళు బాగుపడ్డాయి గానీ ఆయన పాదాల వాపు తగ్గలేదు. ఒక్క సాయంత్రం ఉరికినదానికి ఇన్నాళ్ళ వాపేమిటి? పొద్దున పూట కళ్ళ కింద కూడా ఉబ్బేది. ఒకరోజు ఆయన కాళ్ళ దగ్గర కూచుని, ఎందుకో పాదం మీద బొటనవేలితో నొక్కాను. గుంట పడింది. ఎంతసేపు చూసినా పూడలేదు. నాన్న పాదం మీద అమ్మ ఇలా నొక్కి, గుడ్లప్పగించి చూస్తూ కూచోవడం నాకు తెలుసు. పెదనాన్న పాదం వెనక్కి లాక్కున్నాడు.

"బూట్ల వల్లే కదే. నువ్వే కదా సెప్పావు."

అప్పుడర్థమైంది, ఈ మనిషి నా మాట ఎందుకు నమ్మాడో. ఆయనకు బూట్లు నేరం చేసి ఉండాలి. బూట్లు చేయకపోతే ఇంకోటి చేసినట్టు. ఆ ఇంకోటి పేరు ఊరందరికీ చెప్పిన మనిషి, తనదాకా వచ్చేసరికి చిలకపచ్చ జత వెనక దాక్కున్నాడు. నాకు పిచ్చి కోపం వచ్చింది. నేను నొప్పితో రోజూ కుంటినప్పుడు ఆ బూట్లది తప్పు కాదు. ఇప్పుడు వాటి తప్పు కానప్పుడు తప్పంతా వాటిదే.

"బూట్ల వల్ల కాదు పెదనాన్నా. ల్యాబుకు పద."

"కొత్తయి కొనిచ్చాను కదా, పరిగెత్తుకో. నా సంగతి నీకెందుకు?"

"నువ్వు రాకపోతే నేనూ పరిగెత్తను" అన్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, పొలం కాగితాల పని ఉందని చెప్పి, ఇద్దరం పలాస బస్సెక్కాం.

ల్యాబులో అందరూ ఎప్పటిలాగే నమస్కారం పెట్టి, "ఇయాల ఎవరిని తెచ్చారండీ?" అని అడిగారు. పెదనాన్న నా వైపు చూపించాడు. నేను ఆయన్నే కుర్చీలో కూచోబెట్టాను. సూది గుచ్చేటప్పుడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. రెండో చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. ఎన్ని వందల మందిని ఆ కుర్చీలో కూచోబెట్టాడో ఆ మనిషి.

కవరు చేతికొచ్చాక ఆయన తెరవలేదు. నాకిచ్చాడు.

"నార్మలే కదే?" అన్నాడు. ఇంకా కవరు చించనే లేదు.

చూశాను. "లేదు పెదనాన్నా. ఎక్కువుంది."

"ఎంత?"

చెప్పాను. ఆ అంకెకు అర్థం ఆయనకు చెప్పాల్సిన పని లేదు. జేబు రుమాలుతో మెడ తుడుచుకుని, బస్టాండు వైపు నడిచాడు. బస్సులో పక్కన కూచున్నాక గొంతు తగ్గించి, గబగబా చెప్పాడు.

"ఇంట్లో సెప్పకు. మీ పెద్దమ్మకి తెలిస్తే ఆ రోజు పరిగెత్తించినందుకే అంటాది. రేపట్నుంచి నిన్ను గుమ్మం దాటనివ్వదు. మీ అమ్మా అంతే. నీ పరీక్ష అయిపోనీ, అప్పుడు సూద్దాం. కొద్ది రోజులే కదా, ఏటైపోద్ది? ఇన్నాళ్ళు బాగానే ఉన్నాను కదా."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. పెద్దమ్మ అదే అంటుంది. నా పరుగు అక్కడితో ఆగుతుంది. ఆయన నా కోసమే చెబుతున్నాడు, తన కోసం కూడా చెబుతున్నాడు, రెంటికీ మధ్య గీత ఎక్కడుందో ఆయనకే తెలియదు. కిటికీలోంచి జీడితోటలు వెనక్కి పోతున్నాయి. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఎంత కావాలంటే, ఊరొచ్చేదాకా నేను ఆ మాటకు లేదనలేదు, సరే అనలేదు.

బస్సు దిగి ఇంటి ముందుకొచ్చేసరికి పెద్దమ్మ గేటు దగ్గర చేటలో బియ్యం ఏరుతూ ఉంది. తలెత్తి, "పనయిందా?" అంది. పెదనాన్న నా వంక చూశాడు. కొత్త బూట్లు నా కాళ్ళకే ఉన్నాయి.

"పెద్దమ్మా, మేం వెళ్ళింది ల్యాబుకి. పెదనాన్నకి ఎక్కువొచ్చింది" అన్నాను.

పెద్దమ్మ చేతిలో చేట జారిపోయింది. పెదనాన్న నన్ను తిట్టడానికి వేలెత్తి, నోరు తెరిచి, ఆ తెరిచిన నోటితోనే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.